స్లో స్క్రూ ముట్టుకోకముందు: చిన్నాయన బండి రిపేరు డైరీ

శనివారం, మధ్యాహ్నం

చిన్నాయన బండి తెచ్చి మా ఇంటి ముందు నిలబెట్టి పోయాడు. నూట యాభై సీసీ, ఫోర్ స్ట్రోక్, 2009 మోడల్, సీవీ రకం కార్బరేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపే భాగం). కంపెనీ పేరు రాయడం లేదు. పదిహేనేళ్ళు దాటిన ఏ కార్బరేటర్ బండికైనా వయసుతో పాటు రాగల జబ్బే ఇది.

కంప్లైంటు రెండు ముక్కల్లో ఉంది. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చోక్ లాగకపోతే బండి నిలబడదు, స్టార్ట్ అయి ఆగిపోతుంది. వేడెక్కాక అంతా తిరగబడుతుంది. బుక్కరాయసముద్రం నుంచి అనంతపురం వచ్చి సప్తగిరి సర్కిల్ దగ్గర ఆగితే, యాక్సిలేటర్ పూర్తిగా వదిలేసినా టాకోమీటర్ ముల్లు 3,000 దగ్గరే నిలబడి ఉంటుంది. రేస్ చేసి వదిలితే కిందికి దిగడానికి చాలాసేపు పడుతుంది. ఈ సైజు బళ్ళకు ఐడిల్, అంటే యాక్సిలేటర్ వదిలేసినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, నిమిషానికి 1,400 చుట్ల దగ్గర ఉండాలి, ఓ వంద అటూ ఇటూ.

"సిగ్నల్ కాడ నిలబెడితే అందరూ నా దిక్కే చూస్తాండారు రా అబ్బీ. గేరు తగ్గించినా బండి ముందుకే తోస్తాంది" అన్నాడు చిన్నాయన. ఆ రెండో మాట విన్నాక నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. ఐడిల్ అంత పైన ఉంటే యాక్సిలేటర్ వదిలినప్పుడు ఇంజిన్ బండిని పట్టి ఆపదు. ఆయన వెనక సీటు మీద వేరుశనగ మూటో, పురుగుమందు క్యానో కట్టుకుని తోట దారిలో తిరిగే మనిషి. వయసు అరవై దాటింది.

ఇంతకుముందు టౌన్‌లో చూపించారట. చలికాలంలో ఆగిపోతోందని ఒక షాపులో స్లో స్క్రూ, అంటే ఐడిల్ వేగం సరిచేసే స్క్రూ, బిగించి పంపారు. ఎండలు వచ్చాక అరుస్తోందని ఇంకో షాపులో అదే స్క్రూ కొంచెం వదులు చేశారు. బిగిస్తే పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నం అరుస్తుంది. వదిలితే మధ్యాహ్నం కాస్త తగ్గుతుంది, పొద్దున ఆగిపోతుంది. రెండు పూటలకూ సరిపోయే చోటు ఆ స్క్రూకి దొరకలేదంటే లోపం ఇంకెక్కడో ఉన్నట్టే. అదెక్కడో తేలేదాకా దాన్ని తిప్పకూడదని ముందే నిర్ణయించుకున్నాను. స్క్రూ తల మీద తెల్ల పెయింటుతో ఒక చిన్న గీత పెట్టి, ఎక్కడుందో ఫోటో తీసుకున్నాను.

శనివారం, మాపటేల

స్పానర్ పట్టుకునే ముందు లెక్క సరిచూసుకోవాలి. యాక్సిలేటర్ వదిలేసినా ఇంజిన్ వేగంగా తిరుగుతోందంటే దానికి ఎక్కడి నుంచో గాలి ఎక్కువ అందుతోంది. సీవీ కార్బరేటర్‌లో యాక్సిలేటర్ కేబుల్ తిప్పేది బటర్‌ఫ్లైని, అంటే గొట్టంలో అడ్డంగా ఉండే గుండ్రటి రేకును. అది పూర్తిగా మూసుకోకపోయినా గాలి ఎక్కువవుతుంది. అది మూసుకున్నా, దాన్ని దాటిన తర్వాత ఇన్‌లెట్ వాల్వ్ దాకా ఉన్న దారిలో ఎక్కడైనా చిల్లు ఉంటే దొంగగాలి దూరుతుంది. ఇవి రెండూ కాకుండా పైలట్ జెట్, అంటే ఐడిల్‌లో పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం, పూడుకుపోయి పెట్రోలు తక్కువగా వస్తే మిశ్రమం పలచబడి, రేస్ చేసి వదిలినప్పుడు ముల్లు కిందికి దిగకుండా వేలాడుతుంది.

ఇంకో కారణం ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం. పాయింట్లున్న పాత బుల్లెట్ లాంటి బళ్ళలో ఆ సమయాన్ని మార్చే అడ్వాన్స్ యూనిట్ స్ప్రింగులు సాగిపోతే ఐడిల్ పెరుగుతుంది. ఇది సీడీఐ బండి, టైమింగ్ ఎలక్ట్రానిక్‌గా నడుస్తుంది కాబట్టి దాన్ని చివరికి పెట్టుకున్నాను. అక్కడిదాకా పోవాల్సిన అవసరం రాలేదు.

చిల్లు ఎక్కడున్నా ఒకటే అనుకోవడం చాలామంది చేసే పని. ఎయిర్ ఫిల్టర్‌కీ కార్బరేటర్‌కీ మధ్య రబ్బరు చిరిగితే దుమ్ము లోపలికి పోతుంది, ఇంజిన్ అరుగుతుంది, కానీ ఐడిల్ ఇలా ఎక్కదు. ఎందుకంటే ఆ గాలి కూడా బటర్‌ఫ్లై దాటే పోవాలి, అది మూసి ఉంది. బటర్‌ఫ్లై అవతల, ఇంజిన్ వైపు చిరిగితేనే ఈ లక్షణం. ఐడిల్‌లో బటర్‌ఫ్లై మూసుకుని ఉంటుంది కాబట్టి ఆ భాగంలో సక్షన్ గట్టిగా ఉంటుంది. సన్నటి పగులు కూడా అప్పుడే గాలి లాగుతుంది. గంటకు అరవై కిలోమీటర్ల వేగంలో పోతున్నప్పుడు బటర్‌ఫ్లై తెరిచే ఉంటుంది, సక్షన్ తక్కువ, వచ్చే గాలే చాలా ఎక్కువ, కాబట్టి ఈ పగులు లెక్కలోకి రాదు. చిన్నాయన "రోడ్డు మీద పోతాంటే బాగానే ఉంటాది, నిలబెడితేనే అరుస్తాది" అన్నది అందుకే నాకు ముఖ్యమైన ఆధారంలా తోచింది.

ఖర్చు లేని పరీక్షతో మొదలుపెట్టాను. ఇంజిన్ నడుస్తుండగా హ్యాండిల్ ఎడమ చివరిదాకా, కుడి చివరిదాకా తిప్పాను. ఎడమకు తిప్పినప్పుడు ముల్లు ఓ రెండు మూడు వందలు లేచింది. హ్యాండిల్ తిరిగినంత మాత్రాన వేగం మారితే కేబుల్ ఎక్కడో బిగుసుకుంటోందని అర్థం. ట్యాంకు లేపి చూస్తే యాక్సిలేటర్ కేబుల్‌ని వైరింగ్‌తో కలిపి ప్లాస్టిక్ ట్యాగుతో ఫ్రేముకి బిగించి ఉంది. హారన్ వైరు మార్చినప్పుడు ఎవరో అలా కట్టి ఉంటారు. ట్యాగు కోసి, కేబుల్‌ని దాని దారిలో వేశాను. గ్రిప్పు దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల ప్లే ఉండేలా అడ్జస్టర్ సరిచేశాను.

గ్రిప్పు హౌసింగ్ విప్పితే లోపలంతా ఎర్రమట్టి, పాత గ్రీజుతో కలిసి ముద్దయింది. మా వైపు జూన్, జూలైల్లో వీచే గాలికి ఈ దుమ్ము దూరని సందు ఉండదు. కిరోసిన్ గుడ్డతో తుడిచి, కేబుల్ పై చివర సన్నటి నూనె చుక్కలు చుక్కలుగా వదిలాను. కింది చివర నల్లగా కారి, తర్వాత శుభ్రమైన నూనె వచ్చేదాకా.

తర్వాత కేబుల్‌ని కార్బరేటర్ నుంచి పూర్తిగా విప్పేసి, బటర్‌ఫ్లై లివర్‌ని వేలితో తెరిచి వదిలాను. టక్కుమని వచ్చి స్లో స్క్రూ మొన మీద ఆనింది. ఆ శబ్దం స్పష్టంగా వినిపించాలి, మెత్తగా వచ్చి ఆగితే స్ప్రింగు బలహీనపడినట్టు. ఇక్కడ స్ప్రింగు బాగుంది.

కేబుల్ లేకుండానే ఇంజిన్ స్టార్ట్ చేసి వేడెక్కించాను. ముల్లు నెమ్మదిగా ఎక్కి 2,700 దాటింది. అంటే కేబుల్ లోపం ఉన్నా అసలు రోగం అది కాదు.

ఆదివారం, పొద్దున

మా తమ్ముడు, అంటే చిన్నాయన కొడుకు, పొద్దున్నే వచ్చాడు. వాడికి టార్చి, నీళ్ళ స్ప్రే బాటిల్ అప్పజెప్పాను. బండిని బయట చెట్టు కింద పెట్టాం. ఇంజిన్‌ని ఇంత సేపు నడిపేటప్పుడు షెడ్డులోనో, వరండాలోనో పెట్టకూడదు, పొగ విషం.

ముందు చోక్ పరీక్ష. ఇంజిన్ బాగా వేడెక్కి 2,800 దగ్గర అరుస్తున్నప్పుడు చోక్‌ని కొద్దిగా, సగానికి తక్కువే లాగాను. చోక్ లాగితే మిశ్రమంలో పెట్రోలు పెరుగుతుంది. మిశ్రమం ముందే చిక్కగా ఉంటే ఇంజిన్ ముక్కుతూ మూలుగుతుంది. ఇక్కడ దానికి విరుద్ధంగా శబ్దం నునుపైంది, రేస్ చేసి వదిలితే ముల్లు ఇంతకుముందుకన్నా తొందరగా దిగింది. అంటే ఇంజిన్‌కి పెట్రోలు చాలడం లేదు, లేదా గాలి ఎక్కువవుతోంది. అంతవరకూ తేలింది.

ఇక స్ప్రే పరీక్ష. చాలామంది కార్బ్ క్లీనరో, పెట్రోలో చల్లి చూస్తారు. వేడి సైలెన్సర్ బెండు పక్కనే ఉండగా ఆ పని నాకు నచ్చదు, అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్ళు చాలు. పగులు మీద పడితే ఇంజిన్ ఆ నీటిని లాక్కుంటుంది, ఒక్క క్షణం గాలి దారి మూసుకుంటుంది, ముల్లు పడుతుంది.

కార్బరేటర్‌ని మానిఫోల్డ్ రబ్బరుకి, అంటే ఇంజిన్‌తో కలిపే రబ్బరు గొట్టానికి, బిగించే క్లాంపు దగ్గర చల్లాం, మార్పు లేదు. బటర్‌ఫ్లై షాఫ్ట్ రెండు చివర్లా చల్లాం, పాత బళ్ళలో అక్కడి సీళ్ళు అరిగి గాలి లాగుతాయి కాబట్టి. మార్పు లేదు. మానిఫోల్డ్ రబ్బరు పైభాగం మీద, పక్కల మీద చల్లాం. ఊహూ.

"అన్నా, ఏమీ లేదు గదా" అన్నాడు వాడు.

అప్పుడు కార్బరేటర్‌ని చేత్తో పట్టుకుని కిందికి కొద్దిగా నొక్కాను. ముల్లు ఒక్కసారిగా 3,200కి లేచింది. పైకి ఎత్తితే 2,000కి దిగింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ లేచింది. కార్బరేటర్ బరువంతా ఆ రబ్బరు మీదే వేలాడుతుంది. నొక్కితే మారుతోందంటే రబ్బరులో ఏదో తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. వాడిని కింద పడుకుని, బాటిల్ మూతిని రబ్బరు అడుగుకి గురిపెట్టి చల్లమన్నాను. ముల్లు గబుక్కున పడిపోయి, ఇంజిన్ ఒక దగ్గు దగ్గి, మళ్ళీ లేచింది.

"పట్టినాం అన్నా!" అని అరిచాడు వాడు, ముఖం నిండా నీళ్ళతో.

పొద్దున ఆగిపోయి మధ్యాహ్నం అరవడానికి కారణంలో పెద్ద భాగం ఇదే. చల్లగా ఉన్నప్పుడు రబ్బరు గట్టిగా ఉండి పగులు దాదాపు మూసుకునే ఉంటుంది. ఇంజిన్ వేడికి రబ్బరు మెత్తబడ్డాక కార్బరేటర్ బరువుకి కిందికి వంగి పగులు తెరుచుకుంటుంది.

ఆదివారం, మధ్యాహ్నం

ఇంజిన్ చల్లారాక పెట్రోలు ట్యాపు మూసి, ఫ్లోట్ బౌల్‌లోని (కార్బరేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె) పెట్రోలు సీసాలోకి దించి, కార్బరేటర్ దించాను. మానిఫోల్డ్ రెండు బోల్టులు విప్పి రబ్బరు చేతిలోకి తీసుకున్నాను.

మామూలుగా చూస్తే ఏమీ కనిపించదు, నల్లగా, దుమ్ము పట్టి ఉంది. గుడ్డతో తుడిచి, వేళ్ళతో రెండు వైపులా వంచి చూశాను. అడుగున, ఇంజిన్‌కి బోల్టులతో బిగించే లోహపు ఫ్లాంజికి రబ్బరు అతుక్కున్న చోట, ఎండిన చెరువు అడుగున నెర్రెలు విచ్చినట్టు సన్నటి పగుళ్ళు. వాటిలో ఒకటి మిగతావాటికన్నా లోతు. గోరు పెడితే దిగబడింది. లోపలి వైపు నుంచి మొబైల్ లైటు పెట్టి వంచితే, చీకటి గదిలో తలుపు సందులోంచి వచ్చినట్టు కాదు, అంతకన్నా సన్నగా, వెంట్రుక మందాన వెలుగు గీత బయటికి కనిపించింది. వంచడం ఆపితే ఆ గీత మాయమైంది. తమ్ముడు దాన్ని లాక్కుని, వంచి, వదిలి, వంచి, చాలాసేపు చూశాడు.

ఫ్లాంజి గాడిలో సీలుగా ఉండే రబ్బరు రింగు, ఓ-రింగు, పని కూడా అయిపోయింది. గుండ్రంగా ఉండాల్సింది పైభాగం చదునై, గోటితో నొక్కితే గట్టిగా ప్లాస్టిక్‌లా తగిలింది. రబ్బరుకి సాగే గుణం పోతే అది సీలు చేయలేదు.

పగిలిన రబ్బరుకి ట్యూబు ముక్క చుట్టి, పైన గమ్ము పూసి పంపేవాళ్ళను చూశాను. ఊరికి చేరడానికి ఆ పూటకి అది తప్పు కాదు. కానీ మామూలు సిలికాన్ గమ్ము పెట్రోలు తగిలితే ఉబ్బి, ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. అది ఇంజిన్ వైపు ఉన్న భాగం, ఆ ముక్కలు ఎక్కడికి పోతాయో చెప్పక్కరలేదు. ఈ రబ్బరు పెద్ద ఖరీదేమీ కాదు. మార్చడమే పద్ధతి.

సోమవారం

టవర్ క్లాక్ దగ్గర స్పేర్ పార్టుల షాపుకి పాత రబ్బరు పట్టుకుని వెళ్ళాను. పాతది తీసుకుపోవడం అవసరం, ఒకే బండికి ఏడాదిని బట్టి ఫ్లాంజి బోల్టుల దూరం మారవచ్చు. షాపాయన రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. తక్కువ ధరది నొక్కితే మెత్తగా దిగబడింది, లోపలి గోడ మీద అచ్చు అతుకు గీత ఎత్తుగా ఉంది. రెండోది బిగువుగా, లోపల నునుపుగా ఉంది. రెండోదే తీసుకున్నాను, ఓ-రింగుతో సహా.

అక్కడికి దగ్గర్లోనే ఒక పెద్దాయన మెకానిక్ షాపు ఉంది. మా నాయన కాలం నుంచి తెలిసిన మనిషి. పగిలిన రబ్బరు చూపించాను. చేతిలోకి తీసుకోకుండానే "కింద పగిలిందా?" అని అడిగాడు. అవునన్నాను.

"ఈ బళ్ళకి అంతేనప్పా. బండి అరుస్తాందంటే యాడో ఎయిర్ లాగుతాంది అని. జనం స్క్రూ కాడికే పోతారు. నువ్వు రబ్బరు వేసినాక మిక్చర్ స్క్రూ తిప్పి చూడు. తిప్పినా ఇంజిన్ పలకలేదనుకో, కార్బరేటర్ విప్పు. లేకుంటే సగం పనే చేసినట్టు" అన్నాడు.

మిక్చర్ స్క్రూ అంటే ఐడిల్‌లో పెట్రోలు పాలు సరిచేసే స్క్రూ. ఆ మాట డైరీలో అక్కడికక్కడే రాసుకున్నాను.

ఇంటికి వచ్చి ఫ్లాంజి ఆనే చోటును శుభ్రంగా గీకి, కొత్త రబ్బరు బిగించాను. ఈ చిన్న బోల్టులకు పెద్ద బలం అక్కరలేదు, రెండూ కొంచెం కొంచెంగా సమానంగా బిగించాలి. ఒక పక్క ముందే పూర్తిగా బిగిస్తే ఫ్లాంజి వంకరగా కూర్చుంటుంది, ఓ-రింగు ఒక వైపు తేలిపోతుంది.

మంగళవారం, మాపటేల

స్టార్ట్ చేసి వేడెక్కించాను. కార్బరేటర్‌ని నొక్కినా ఎత్తినా ముల్లు కదల్లేదు. నీళ్ళు ఎక్కడ చల్లినా మార్పు లేదు. దొంగగాలి ఆగిపోయింది. కానీ ఐడిల్ 2,000 దగ్గర ఆగింది, దిగలేదు.

పెద్దాయన చెప్పినట్టు మిక్చర్ స్క్రూ లోపలికి అర చుట్టు తిప్పాను. ఏమీ లేదు. బయటికి ఒక చుట్టు తిప్పాను. అప్పుడూ ఏమీ లేదు. ఇంజిన్ అదే శబ్దంతో తిరుగుతోంది.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ఐడిల్‌లో ఇంజిన్‌కి పెట్రోలు వచ్చేది పైలట్ జెట్ నుంచి. అక్కడి నుంచి అది కార్బరేటర్ గొట్టంలోకి రెండు చోట్ల దూకుతుంది. ఒకటి బటర్‌ఫ్లై అవతల, ఇంజిన్ వైపు ఉండే రంధ్రం. మిక్చర్ స్క్రూ మొన దీన్నే సన్నగా, పెద్దగా చేస్తుంది. ఇంకొకటి, లేదా ఇంకో రెండు మూడు, బటర్‌ఫ్లై అంచు దగ్గర ఉండే సన్నటి బైపాస్ రంధ్రాలు. యాక్సిలేటర్ కొద్దిగా తిప్పగానే బటర్‌ఫ్లై అంచు వీటిని దాటుతుంది, అప్పుడు సక్షన్ వీటి మీద పడి పెట్రోలు ఇక్కడి నుంచి కూడా వస్తుంది. ఐడిల్ నుంచి పైకి పోయేటప్పుడు ఇంజిన్ తడబడకుండా ఉండేది వీటివల్లే.

స్లో స్క్రూ బాగా బిగిస్తే బటర్‌ఫ్లై ఐడిల్‌లోనే ఆ బైపాస్ రంధ్రాలను దాటి నిలబడుతుంది. అప్పుడు ఇంజిన్ ఎక్కువగా వాటి మీదే బతుకుతుంది. మిక్చర్ స్క్రూ తిప్పినా దానికి లెక్క ఉండదు. కాబట్టి మిక్చర్ స్క్రూకి ఇంజిన్ పలకడం లేదంటే, బటర్‌ఫ్లై ఎక్కువ తెరిచి ఉందనో, పైలట్ దారి పూడిందనో, లేదా రెండూ ఉన్నాయనో తెలుసుకోవాలి. చిన్నాయన బండికి రెండూ ఉండాలి. చలికాలంలో ఆగిపోయింది పైలట్ దారి పూడటం మొదలైనందుకే. దాన్ని శుభ్రం చేయకుండా స్లో స్క్రూ బిగించి నడిపించారు. ఎండలు వచ్చేసరికి రబ్బరు పగిలి దొంగగాలి కూడా తోడైంది.

ఇది ఊహే. విప్పితే గానీ తేలదు.

బుధవారం

కార్బరేటర్ మళ్ళీ దించి, తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీద పెట్టాను. తెల్ల గుడ్డ ఎందుకంటే ఈ ఇత్తడి జెట్లు, చిన్న స్ప్రింగులు, వాషర్లు నేల మీద పడితే దొరకవు. మిక్చర్ స్క్రూ వెనక ఒక స్ప్రింగు, వాషరు, చిన్న ఓ-రింగు ఉంటాయి. ఓ-రింగు లోపలే ఉండిపోతే మర్చిపోయే వస్తువు.

ముందు పైమూత తీసి డయాఫ్రమ్ బయటికి తీశాను. పల్చటి నల్ల రబ్బరు. లైటుకి ఎదురుగా పట్టుకుని చూస్తే చిల్లుల్లేవు. డయాఫ్రమ్ చిరిగితే బండి పైకి లాగదు, ఐడిల్ మాత్రం దానివల్ల పెరగదు, అయినా చూడటం మంచిది. కార్బ్ క్లీనర్ వాడే ముందు దీన్ని తీసి దూరంగా పెట్టాలి. ఆ మందు తగిలితే రబ్బరు ఉబ్బి, మళ్ళీ గాడిలో కూర్చోదు.

ఫ్లోట్ బౌల్ అడుగున సన్నటి ఎర్రటి మడ్డి, ఒక మూల తేనె రంగు జిగురు పొర. పెట్రోలు నిలవ ఉండి ఎండితే మిగిలే పొర అది. పైలట్ జెట్ విప్పాను. స్క్రూ డ్రైవర్ మొన జెట్ గాడిలో సరిగ్గా కూర్చోవాలి, ఇత్తడి మెత్తన, ఒక్కసారి జారితే గాడి పాడై జెట్ బయటికి రాదు.

జెట్‌ని ఆకాశం వైపు ఎత్తి కన్ను పెట్టి చూశాను. మెయిన్ జెట్‌లో గుండ్రటి వెలుగు చుక్క కనిపించింది. పైలట్ జెట్‌లో నెలవంకలా ఒక పక్క మాత్రమే వెలుగు. మిగతాది మూసుకుపోయింది. తమ్ముడికి ఇచ్చాను, వాడూ అదే అన్నాడు.

జెట్‌ని కార్బ్ క్లీనర్‌లో ఓ పూట నానబెట్టాను. తర్వాత మామూలు కరెంటు వైరు ఒలిచి, అందులో ఒక్క రాగి పోగు తీసి మెల్లగా దూర్చాను. సూది, స్టీలు తీగ వాడకూడదు. రంధ్రంలో ఒక్క గీత పడినా సైజు మారిపోతుంది, అప్పుడు ఎంత ట్యూన్ చేసినా కుదరదు. పంచర్ షాపుకి పోయి గాలి గొట్టంతో కార్బరేటర్ దారులన్నీ ఊదించాను. ఒక రంధ్రంలో ఊదితే ఏ రంధ్రంలోంచి గాలి వస్తోందో వేలు పెట్టి చూసుకుంటూ పోయాను. బైపాస్ రంధ్రాల్లో ఒకటి మొదట పలకలేదు. ఇంకోసారి మందు వేసి, కాసేపు ఆగి ఊదితే నల్లటి చుక్క ఒకటి బయటపడింది, ఆ తర్వాత గాలి ధారాళంగా వచ్చింది.

ఇన్నాళ్ళూ ఈ ఇంజిన్ ఎంత తక్కువ పెట్రోలుతో నెట్టుకొచ్చిందో ప్లగ్గు చెప్పింది. మొన తెల్లగా, సున్నం పూసినట్టు ఉంది. మిశ్రమం పలచగా ఉండి వేడి ఎక్కువైతే వచ్చే రంగు అది.

గురువారం, ఎండ పూట

బిగించే ముందు మొదటిసారి స్లో స్క్రూ ముట్టుకున్నాను. బటర్‌ఫ్లై పూర్తిగా మూసుకునేలా దాన్ని వెనక్కి తిప్పి, మొన లివర్‌కి తగిలీ తగలనట్టు ఉన్న చోట నుంచి కొద్దిగా లోపలికి ఇచ్చాను. పెయింటు గీతతో పోల్చితే పాత స్థానం చాలా లోపల ఉంది. లైటు పెట్టి గొట్టంలో చూస్తే, ఇప్పుడు బైపాస్ రంధ్రాలు బటర్‌ఫ్లై అంచుకి వెనకే, అంటే ఎయిర్ ఫిల్టర్ వైపే ఉన్నాయి. మిక్చర్ స్క్రూని మెల్లగా లోపలికి ఆనేదాకా తిప్పి, బలం పెట్టకుండా, అక్కడి నుంచి రెండు చుట్లు బయటికి తీశాను. ఇది మొదలుపెట్టే చోటు మాత్రమే.

స్టార్ట్ చేసి ఎస్కే యూనివర్సిటీ దాకా హైవే మీద పోయి వచ్చాను. ఐడిల్ సెట్టింగు ఎప్పుడూ పూర్తిగా వేడెక్కిన ఇంజిన్ మీదే చేయాలి. వచ్చి నిలబెట్టి, మిక్చర్ స్క్రూని పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ ఇంజిన్ సర్దుకునేదాకా ఆగుతూ చూశాను. ఇప్పుడు పలికింది. లోపలికి పోతే శబ్దం తడబడి ముల్లు పడుతోంది, బయటికి తీస్తే పెరిగి, ఒక చోట ఆగి, ఇంకా తీస్తే బరువుగా మూలుగుతోంది. ముల్లు అన్నిటికన్నా పైకి వచ్చిన చోట ఆపి, ఆ తర్వాత స్లో స్క్రూతో 1,400కి తెచ్చాను. మళ్ళీ మిక్చర్ చూసుకుని, మళ్ళీ స్లో సరిచేసి ముగించాను. స్లో స్క్రూ పని అంతే, మిగతా అన్నీ సరిగా ఉన్నాక వేగాన్ని దాని చోట నిలబెట్టడం.

రేస్ చేసి వదిలితే ముల్లు గబుక్కున 1,400కి వచ్చి ఆగుతోంది. హ్యాండిల్ ఎటు తిప్పినా కదలడం లేదు.

పక్కింటాయన వచ్చి చూస్తూ "ఎండలకి బండి అరుస్తాదిలే" అన్నాడు. మా ఊళ్ళో మే నెలలో నలభై డిగ్రీలు మామూలే కాబట్టి చాలామంది అలాగే అనుకుంటారు. నిజానికి వేడి గాలి పలచగా ఉంటుంది. కార్బరేటర్ జెట్లు మారవు కాబట్టి అదే పెట్రోలుకి తక్కువ గాలి అందుతుంది, మిశ్రమం కొద్దిగా చిక్కబడుతుంది. ఎండ నేరుగా ఐడిల్ పెంచదు. రబ్బరుని మాత్రం తొందరగా ముసలిదాన్ని చేస్తుంది, ఆ దారిలోనే ఎండకి ఇందులో భాగం ఉంది.

ఇంకో సంగతి పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. బరువు లెక్కన మామూలు పెట్రోలు ఒక పాలు కాలడానికి గాలి దాదాపు 14.7 పాళ్ళు కావాలి, ఇథనాల్‌కి 9 పాళ్ళు చాలు. ఇరవై శాతం కలిపినదానికి 13.5 దగ్గర పడుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో సెన్సరు చూసి సర్దుకుంటుంది. 2009 కార్బరేటర్ పాత లెక్క ప్రకారమే పోస్తుంది, కాబట్టి మిశ్రమం ఓ పిసరు పలచబడుతుంది. ఇథనాల్ గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది, బండి వారాల తరబడి నిలబెడితే బౌల్‌లో మడ్డి చేరడానికి ఇది కూడా కారణం. చిన్నాయనకి చెప్పింది ఒక్కటే: నెలకు పైగా బండి తీయనప్పుడు ట్యాపు మూసి, బౌల్ కింద స్క్రూ వదిలి పెట్రోలు దించేయమని.

తర్వాతి ఆదివారం

చిన్నాయన వచ్చి బండి తీసుకున్నాడు. పొద్దున చల్లటి ఇంజిన్ మీద చోక్ కొంచెం లాగి స్టార్ట్ చేసి, కాసేపటికి మూసేశాడు. ఆగలేదు. తోట దారి దిగుతూ గేరు తగ్గిస్తే బండి పట్టుకుందని, మధ్యాహ్నం సప్తగిరి సర్కిల్ నుంచి ఫోను చేసి చెప్పాడు. "ముల్లు చూసినా రా, 1,400. కదల్లేదు" అన్నాడు. ఆ ముల్లు ఎక్కడ ఉండాలో ఆయనకి నేను చెప్పలేదు, తమ్ముడు చెప్పి ఉంటాడు.

ఇంకా మిగిలిన పని ఉంది. కొత్త రబ్బరు ఒకట్రెండు వారాలు వేడికి, చలికి సర్దుకున్నాక క్లాంపు, ఫ్లాంజి బోల్టులు ఇంకోసారి చూడాలి. ప్లగ్గు తీసి రంగు చూడాలి, లేత గోధుమ రంగులో ఉంటే సరే, ఇంకా తెల్లగానే ఉంటే మిక్చర్ పావు చుట్టు బయటికి. వాల్వ్ క్లియరెన్సు, అంటే వాల్వ్ దగ్గర ఉండాల్సిన సన్నటి సందు, చాలా కాలంగా ఎవరూ చూసినట్టు లేదు, అది కూడా అప్పుడే ఫీలర్ గేజ్‌తో చూస్తాను. బటర్‌ఫ్లై షాఫ్ట్ సీళ్ళు ఇప్పటికి గాలి లాగడం లేదు, కానీ వేలితో కదిపితే షాఫ్ట్‌లో సన్నటి ఆట తెలుస్తోంది. షాపాయనకి సీళ్ళు తెప్పించమని చెప్పి పెట్టాను.